పగడమును కోసిన నాడు

“తాతయ్యా, ఇప్పుడిది ఒకటా, రెండా?”

ఈ ప్రశ్న నన్నడిగినది తొమ్మిదేండ్ల నా మనుమరాలు. అడిగిన చోటు, డల్లాసు నగరమునకు ఉత్తరమున ఫ్రిస్కో యను ఊరిలో మా అబ్బాయి యింటి గ్యారేజీ. బల్లపై నొక తెల్లని ప్లాస్టిక్ పలక. పలకపై ఉప్పునీటిలో తడిసిన ఊదారంగు మాంసపు ముద్ద, రూపాయి బిళ్ళకంటె కొంచెము పెద్దది. ఆ ముద్ద నడిమి నోటి మీదుగా మా అబ్బాయి అప్పుడే సన్నని బ్లేడుతో నొక గీత తీసి, రెండు అర్ధచంద్రములను ఎడముగా జరిపియుండెను. ఆ జీవికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు డిస్కోసోమా. పెంచువారందఱు మష్రూమ్ అందురు. ఎముక లేదు, తల లేదు, రక్తము లేదు, ముందు వెనుకలు లేవు. జిగురు కార్చుచు ముడుచుకొనుచున్న ఆ ముక్కలను జూచి పిల్ల అడిగిన ప్రశ్నకు, మూడు పదుల యేండ్లు కళాశాలలో సంస్కృతమును తర్కమును జెప్పి విరమించిన నేను, వెంటనే యుత్తరము చెప్పలేకపోయితిని. కాశికి పోయినంతమాత్రమున అందఱును అన్నంభట్టులు గారని పెద్దల మాట. ఆయన వ్రాసిన తర్కసంగ్రహమును నలుబదిమార్లు పాఠము చెప్పినంతమాత్రమునను గారని నాకు తెలిసినది ఆ గ్యారేజీలోనే.

ఆ మష్రూము ఆ పలకమీదికి వచ్చుటకు వెనుక కొన్ని నెలల కథ యున్నది. నేను ఫిబ్రవరిలో అక్కడికి చేరిన వారమందే మా వాడు నూటయేబది లీటర్ల గాజుతొట్టి నొకదానిని హాలులో నిలిపెను. సముద్రము అక్కడికి నాలుగైదు గంటల కారు ప్రయాణపు దూరము. కాబట్టి సముద్రమును ఇంటిలోనే కలుపవలెను. కొళాయినీటిని వడపోత యంత్రమున సమస్తలవణరహితముగా జేసి, అందు లీటరుకు ముప్పదియైదు గ్రాముల చొప్పున అయిదు కిలోలకు పైబడిన ఉప్పు కరగించిరి. అది వంటయింటి ఉప్పు గాదు. సున్నము, మెగ్నీషియము మొదలైనవి సముద్రజలమున నుండు పాళ్ళలో కలిసిన మిశ్రమము. సాంద్రత 1.025, ఉష్ణము ఇరువదియైదు ఇరువదియాఱు డిగ్రీలు, అని మావాడు ముప్పూటల కొలిచెడివాడు. శిలలు వచ్చినవి, ఇసుక వచ్చినది, అలలు పుట్టించు చిన్న పంకా వచ్చినది. ఇక నేమి రావలెనని నేనడిగితిని. “ఇంక ఆరువారాలు ఏమీ రాకూడదు నాన్నగారూ,” అనెను.

ఖాళీనీటికి కాపలా యేమిటని మొదట నవ్వుకొంటిని గాని, సంగతి తెలిసిన పిదప నా నవ్వు నాకే యెబ్బెట్టుగా తోచినది. ఏ ప్రాణి మలినమైనను నీటిలో అమ్మోనియా యగును; అమ్మోనియా విషము. దానిని నైట్రైటుగా మార్చు సూక్ష్మజీవులు కొన్ని, నైట్రైటును అంతగా హాని లేని నైట్రేటుగా మార్చునవి వేఱుకొన్ని. ఈ రెండు తెగలును శిలారంధ్రములలో కాపురము పెట్టి పెంపొందువరకు ఆ తొట్టి, చూచుటకు సముద్రమే యైనను, ప్రాణి కాలుపెట్టరాని చోటు. ఈ కర్మకరులను 1890 ప్రాంతమున వినోగ్రాడ్‌స్కీ యను రష్యను శాస్త్రజ్ఞుడు కనిపెట్టెనట. పరీక్షనాళికలలో రంగులు చూచి దినదినమును పుస్తకమున వ్రాయు పని మావాడు నాకొప్పగించెను. మన యాలయములలో విగ్రహమును ప్రతిష్ఠించుటకు ముందు జలాధివాస మని నీటిలో నుంచుట కలదు. శిల శిలగానే యుండి ప్రాణమునకు యోగ్యమగుటకై వేచియుండు కాలమది. ఇక్కడను శిల నీటిలో పడియున్నది, మేము వేచియుంటిమి. భేద మేమనగా, అక్కడ ముహూర్తము పంచాంగము చెప్పును. ఇక్కడ నీటి రంగు చెప్పును.

మేమందఱమును సరిగా వేచితిమని చెప్పుటకు వీలులేదు. మూడవ వారమున నొక దుకాణమువాడు “ఇది ఎవరింట్లోనైనా బతుకుతుంది” అని ధైర్యము చెప్పగా, మావాడు జెనియా యను మెత్తని పగడమును కొనితెచ్చెను. చేతివ్రేళ్ళు తెఱచుచు మూయుచు నున్నట్లు ఎడతెగక స్పందించు జీవి యది. ఆ స్పందనము తన చుట్టును నిలిచిన ఆమ్లజనిని త్రోసివేసి, తనలోని కిరణజన్యక్రియకు తోడ్పడునని ఎఱ్ఱసముద్రపు జెనియా కుటుంబపు జాతిపై ఇజ్రాయెలు శాస్త్రజ్ఞులు 2013లో తేల్చిరి. మా జెనియా సాయంకాలము వచ్చినది, పిల్ల రాత్రి తొమ్మిదింటి దాక దాని యెదుట కూర్చున్నది. తెల్లవాఱునప్పటికి శిలపై బూడిదరంగు జిగురు మాత్రము మిగిలినది. అవి పదునెనిమిది పాలిప్పులో, అనగా విడివిడి నోటిజీవులో, ఒకే జెనియాయో, ఎవరము లెక్కింపలేదు. ఈ విషయమునకు మరల వచ్చెదను.

మార్చి చివరకు అమ్మోనియా, నైట్రైటు రెండును శూన్యమైనవి. శిలలపై గోధుమరంగు పాచి వచ్చి పోయినది, నత్తలు వచ్చినవి, క్లౌన్ చేపల జంట వచ్చినది. పిదప నేప్రిలులో నూతనాభ్యాసకులకు తగినవని యెల్లరును చెప్పు పగడములు నాలుగు వచ్చినవి: మష్రూమ్, జోయాంథిడ్లు, గొడుగువంటి లెదర్ కోరల్, గ్రీన్ స్టార్ పాలిప్. వచ్చినవానిని సంచితోనే నీటిపై తేల్చి ఉష్ణము సమము చేసి, సన్నని గొట్టమున మా నీరు చుక్కచుక్కగా వానికి పట్టించి, పురుగు పోవుటకు మందునీటిలో ముంచి, దీపకాంతి తక్కువగా పెట్టి, తొట్టి యడుగున నుంచిరి. కాంతిని రెండువారములలో మెల్లగా పెంచిరి. గ్రీన్ స్టార్ పాలిప్ చాపవలె పాకి పొరుగువారిని కప్పివేయును గనుక దానికి విడిగా నొక రాయి. లెదర్ కోరల్ వారము గడిచినంతనే ముడుచుకొని, మైనపు పొర కప్పుకొని, పదిదినములు మొగమిచ్చినది కాదు. చచ్చినదని తీసి పారవేయబోయిన మావాని చేయి పట్టుకొని ఆపినది నేనే. అది పాము కుబుసము విడిచినట్లు ఆ పొర విడిచి, పదునొకండవనాడు పూర్వముకంటె నిండుగా విప్పారినది. తర్కపండితునికి తొట్టి విషయమున లభించిన గౌరవ మిదొక్కటియే.

మనుమరాలు భూతద్దముతో చూచి లెదర్ కోరల్ పువ్వు నొక్కొక్కదానికి ఎనిమిది రేకులున్నవని కనిపెట్టినది. గ్రీన్ స్టారునకును ఎనిమిదే. అప్పుడు నా వ్రేలి నున్న కుజదోషపు పగడపుటుంగరమును జూపి మా అబ్బాయి చెప్పిన మాట నన్నాశ్చర్యపఱచినది. మధ్యధరాసముద్రమున దొరకు ఆ యెఱ్ఱని పగడము సయితము ఎనిమిది రేకుల తెగలోనిదే. సముద్రమున శిలాద్వీపములు కట్టు ఱాతిపగడములకంటె ఈ మెత్తని లెదర్ కోరలే దానికి దగ్గఱి చుట్టము. తమవారు ముత్యములకు కట్టు విలువనే మన దేశీయులు ఆ పగడమునకు కట్టుదురని రోమకుడైన ప్లీనీ వ్రాసెను. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున వర్తకుల కిచ్చిన యభయశాసనమున సుంకము గల సరకులలో ప్రవాళము పేరును గలదు. ఇన్ని శతాబ్దములు వ్రేళ్ళకును మెడలకును ధరించితిమి గాని అది యెవని దేహమని యడిగినవారు తక్కువ. విద్రుమమని పేరిడినవారు దానిని చెట్టుగా భావించిరి. రత్నశాస్త్రజ్ఞులు ఱాయిగా గణించిరి. మార్సెయి పట్టణపు వైద్యుడు పెసొనెల్, 1720ల నాడు, ఈ ‘పువ్వులు’ పువ్వులు గావు, జంతువులని కనిపెట్టి పారిసు విద్వత్పరిషత్తునకు వ్రాయగా, పెద్దవాడైన రెయోమ్యూరు ఆ మాట యెంత హాస్యాస్పదమనుకొనెనో, దానిని ప్రస్తావించునపుడు ఆ వైద్యుని మానము గాపాడుటకై పేరు సయితము చెప్పలేదు! జైనులు మాత్రము తమ జీవవిచార గ్రంథమున స్ఫటికమణులతో గూడ విద్రుమమును పృథ్వీకాయిక జీవులలో, అనగా భూమియే దేహముగా గల యేకేంద్రియ జీవులలో, చేర్చిరి. తరగతి తప్పినది గాని ప్రాణమున్నదన్న మాట తప్పలేదు. రెయోమ్యూరుకంటె వారే నయము.

ఇందులో మఱియొక చిక్కు గలదు. ఈ పగడముల కణములలోపల కంటికానని నాచు కాపురముండును. సూర్యకాంతితో అది చక్కెర వండి గృహస్థునకు పెట్టును. గృహస్థుడు దానికి బొగ్గుపులుసు గాలిని, నత్రజనిని, నీడను ఇచ్చును. గృహస్థుని యాహారమున సింహభాగము ఆ యతిథి చేతివంటయే. నీరు వేడెక్కినపుడు పొత్తు చెడి నాచు వెడలిపోవును, పగడము పాలిపోవును. 1998లోను 2016లోను ఆస్ట్రేలియా ప్రవాళశ్రేణియందు జరిగినది ఇదే. ఒకటి సిద్ధింపవలెనన్న రెండవది, రెండవది సిద్ధింపవలెనన్న మొదటిది కావలసివచ్చుటను మేము అన్యోన్యాశ్రయమని తర్కమున దోషముగా లెక్కింతుము. విద్యార్థి వాదమున అది కనబడినచో ఎఱ్ఱసిరాతో గీటు పెట్టుదుము. సముద్రము ఆ దోషముపైననే దేశములు కట్టినది.

మే నెల గడచునప్పటికి మష్రూము పెరిగి ప్రక్క శిలను గ్రమ్మినది. పొరుగున నున్న తెలుగు మిత్రుడొకడు తనకొక ముక్క కావలెనని యడిగెను. ఈ వర్తకమంతయు ముక్కలమీదనే నడచును. అక్కడ దానిని ఫ్రాగ్ అందురు, కోయుటను ఫ్రాగింగ్ అందురు. ఇంటిలో పెరిగినదానిని పంచుకొన్నంత వఱకు సముద్రమునుండి త్రవ్వి తెచ్చు పని తప్పును గనుక ఇది పుణ్యకార్యమే యని పెంచువారి మాట, నాకును సమ్మతము. (మన దేశమున ప్రవాళశ్రేణులు కట్టు ఱాతిపగడములన్నియు 2001 నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టపు రక్షణలో నున్నవి.) జోయాంథిడ్ల జోలికి మాత్రము పిల్ల యెదుట పోలేదు. వాని తెగలో కొన్నిట పాలీటాక్సిన్ అను ఘోరవిషము గలదు. కోయువారు చేతితొడుగులు, కండ్లద్దాలు లేక కోయరాదు, ఆ రాళ్ళను వేడినీట మరిగింపరాదు.

కోసినదియు, పిల్ల అడిగినదియు అప్పుడే.

నేను తడబడుట జూచి మావాడు, “ఇది పాత ప్రశ్నే నాన్నగారూ,” అని ట్రెంబ్లే కథ చెప్పెను. అతడు జెనీవావాడు, 1740లో హేగు నగరమునొద్ద నొక ప్రభువు కొడుకులిద్దఱకు ఉపాధ్యాయుడు. కుంటనీటిలో దొరకిన హైడ్రా యను జీవి, అది పగడములకు జ్ఞాతియే, చెట్టో జంతువో తేల్చుకొనుటకై దానిని కోసెను. రెండు ముక్కలును రెండు హైడ్రాలైనవి. ఐరోపా పండితలోకము కలవరపడినది. ఆత్మ అవిభాజ్యమని కదా వారి మతము. కత్తెర రెండు చేసినది దేనిని? ఆ హైడ్రాను జూచిన తరువాతనే రెయోమ్యూరు పెసొనెల్ మాట నిజమని యొప్పుకొనెను. కుంట యొడ్డున పిల్లల నడుమ కూర్చున్న ఆ యుపాధ్యాయుని తలచుకొని నాకు కొంత ధైర్యము కలిగినది.

మనవారి యుత్తరములను ఒక్కొక్కటిగా బల్లపై పెట్టి చూచితిని. జీవుడు అణువనియు, వాని జ్ఞానము దీపకాంతివలె దేహమంతట వ్యాపించుననియు విశిష్టాద్వైతులందురు. అట్లైన అణువు ఏ ముక్కలో నిలిచినది? రెండవ ముక్కలోనికి కర్మవశమున మఱియొక జీవుడు వచ్చి చేరెననవలెను. “వాడి కర్మ నా బ్లేడు కోసం కాచుకుని ఉందా?” అని మావాడు నవ్వెను. జైనులు జీవుడు దేహపరిమాణు డందురు. తాబేలు మొదలైనవాని దేహమును ఖండించినపుడు ముక్కల నడిమి యెడమునందును జీవప్రదేశములుండునా యని భగవతీసూత్రమున ప్రశ్న వేసికొని, ఉండునని చెప్పికొన్నారు. చూడుడు, వారెవరును డిస్కోసోమాను చూడలేదు, ఐనను ప్రశ్న సరిగా ఇక్కడికే వచ్చినది. కాని ముక్కలలో నొకటి ఫ్రిస్కోలో నుండగా రెండవది న్యూజెర్సీకి పోస్టులో పోయినచో ఆ యెడమును జీవుడెంత కాలము పూరించును? దేహముతో పెరుగుచు తఱుగుచు నుండు ఆత్మ వికారము గలదై అనిత్యమగునని శంకరులు వారి నాక్షేపించిరి. ఆ యాక్షేపము నాకు బలముగానే తోచును.

నైయాయికులకు ఆత్మ విభువు, సర్వత్ర వ్యాపించినది. బ్లేడు దానిని తాకదు. పైగా యోగి యైనవాడు ఒకేసారి పెక్కు దేహములు దాల్చి అన్నిట భోగము ననుభవింపవచ్చునని కాయవ్యూహమను సిద్ధాంతము వారికి గలదు. ఇది తోచినంతనే నాకు సౌభరి జ్ఞాపకమువచ్చి పిల్లకు కథ చెప్పితిని. పండ్రెండేండ్లు నీటిలో మునిగి తపస్సు చేయుచు, పిల్లలతో ఆడుకొను చేపను జూచి సంసారముపై మనసుపడి, మాంధాత కూతుండ్ర నేబదిమందిని పెండ్లాడి, ఏబది దేహములతో ఏబది యిండ్లలో కాపురము చేసిన ఋషి. “అంటే ఆయన కూడా అక్వేరియం చూసే పాడయ్యాడా తాతయ్యా?” అనినది. మా కోడలు వంటయింటినుండి నవ్విన నవ్వు నాకు వినబడినది. అయినను ఈ పోలిక నిలువదు: సౌభరికి తానే ఏబదియని తెలియును. మష్రూమునకు తానొక్కటియని తెలిసిన జాడ కోతకు ముందే లేదు.

ఇక సర్వమును ఒక్కటియే యని చెప్పి లేచిపోవు మార్గ మొకటి యున్నది. వేదాంతము విన్న కుటుంబముల వారి కది నోటి చివరనే యుండును. నేనా మాట ననలేదు. పరమార్థమున ఒకటియే కావచ్చును. పిల్ల యడిగినది పలకమీది ముక్కలను గూర్చి. అడిగినదానికి గాక అడుగనిదానికి ఉత్తరమిచ్చి గెలిచితి ననుకొనుట తర్కమున నిగ్రహస్థానము, అనగా ఓటమి.

నాకు సమ్మతమైన ప్రమాణము వైశేషికదర్శనకర్తలైన కణాదులది. సుఖదుఃఖముల వ్యవస్థనుబట్టి ఆత్మలు పెక్కని వారి యుక్తి: ఒకడు సుఖించుచుండగా నొకడు దుఃఖించుచున్నచో వా రిరువురు. అన్నంభట్టు ప్రతిశరీరమున జీవుడు భిన్నుడన్నదియు ఈ త్రోవనే. పరీక్షకు మేమా ముక్కలలో నొకదానిని అడుగున నీడయందును, ఒకదానిని మీద వెలుతురునందును పెట్టితిమి. నీడలోనిది పదిదినములలో గుండ్రనై విప్పుకొన్నది, వెలుతురులోనిది ముడుచుకొని పాలిపోయినది. ఒకరి బాధ ఒకరికి లేదు; కావున రెండు. దానిని క్రిందికి దించి, పిల్లను పిలిచి, “రెండేనమ్మా,” అని జయముతో చెప్పితిని.

పిల్ల నన్ను జోయాంథిడ్ల యొద్దకు తీసికొనిపోయినది. ఒకే మాంసపు చాపపై ముప్పదికి పైగా నోళ్ళు, అన్నియు అడుగున కలిసియున్నవి. నీటిలో చేయి పెట్టరాదు గనుక పొడుగాటి ప్లాస్టిక్ పుల్లతో ఒక నోటిని మెల్లగా తాకినది. అది మూసికొన్నది, ప్రక్కవి రెండు మూడు మూసికొన్నవి, దూరముననున్నవి తెఱచియే యున్నవి. “మరి ఇవి ఎన్ని?” అనినది.

ఇక్కడ నా తర్కము నిలిచిపోయినది. బాధ కొంత పంచుకొనబడినది, కొంత లేదు. కణాదుల కొలతతో కొలిచినచో ఇది ఒకటియు గాదు, ముప్పదియు గాదు, నడుమ నెక్కడనో నున్నది; ఒకటిన్నర ఆత్మను ఏ దర్శనమును నాకు చూపలేదు. అణువన్నను విభువన్నను దేహపరిమాణమన్నను, ఆత్మకు సంఖ్య పూర్ణాంకముగనే యుండుననుటలో మనవారందఱును ఏకాభిప్రాయులు. ఆ యేకాభిప్రాయము ఎక్కడిదని యోచింపగా, మనము లెక్కించుట నేర్చినది మనుష్యులను, పశువులను జూచి గదా యని తోచినది. తలను బట్టి లెక్కించుటకు అలవాటుపడిన బుద్ధి తల లేని దేహము నెదుట తడబడుచున్నది. తప్పు దేహముదని నేననను. మా పెరటిలో ఏటేట మునగకొమ్మ నఱికి నాటి, అది చిగిర్చినపుడు ఒక్కనాడైనను ఈ ప్రశ్న నాకు రాలేదు! మునగకును అంతస్సంజ్ఞ గలదని స్మృతి చదివినవాడనే. కోసినపుడు జిగురు కార్చి ముడుచుకొనినది గనుక, అనగా నావలె కొంచెము నొచ్చుకొనినట్లు కనబడినది గనుక, మష్రూమునకు ఆత్మ ఎన్నియని యడుగుచున్నాను. మష్రూము మాత్రము శిలపై జరుగునపుడు తన పాదమునుండి తునకలను తానే విడిచి, ఒక్కొక్కదానిని పెరుగనిచ్చును. ఆ పనికి బ్లేడు నడుగదు, పండితు నడుగదు.

మూడవ వారమున కరగిపోయిన జెనియా మాట అప్పుడు మరల జ్ఞాపకమువచ్చినది. పదునెనిమిదియో ఒకటియో మాకు తెలియలేదు. తెలియకపోవుటచే ఆనాటి తొందర తగ్గినదా? తొట్టి తెచ్చిన మఱునాడే పగడము కొను నుత్సాహవంతులను ఆ దుకాణములలో నేను పెక్కుసార్లు చూచితిని. జీవసంఖ్య తేలిన తరువాతనే అపరాధము నిర్ణయింప వలసియున్నచో వారందఱును, మావాడును, నిర్దోషులే. సంఖ్య తేలదు, జిగురు మాత్రము శిలపై కనబడినది. కావున వేచియుండుట యను ధర్మము తత్త్వనిర్ణయమునకు ముందే పుట్టినదనియు, దర్శనములు తమ వాదమును తీరికగా ముగించుకొనవచ్చుననియు నేను నమ్ముచున్నాను.

ఆగస్టులో తిరుగు ప్రయాణమునకు ముందు, తొట్టి లెక్కల పుస్తకమును మనుమరాలి కప్పగించితిని. తేది, ఉష్ణము, సాంద్రత, నైట్రేటు, అన్ని గడులును నిండియున్నవి. పగడముల పేర్లకెదురుగా ‘ఎన్ని’ యను గడి యొకటి మొదట నేనే గీసితిని. మష్రూము కెదురుగా 2 అని వ్రాసి, జూలైలో దానిని 5 అని దిద్దితిని. జోయాంథిడ్ల కెదురుగా పెన్సిలుతో ఏదో వ్రాసి చెరిపితిని. ఆ గడి నేటికిని ఖాళీగానే యున్నదని పిల్ల మొన్న ఫోనులో చెప్పినది.